రోజూ నడుస్తున్నా రాత్రి బీపీ ఎందుకు దిగడం లేదు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న 61 ఏళ్ళ తండ్రి గురించి విజయవాడ పటమట నుంచి కూతురు అడిగారు. నాన్నగారికి ఐదేళ్ళుగా బీపీ ఉంది. పొద్దున టెల్మిసార్టాన్ 40 వేసుకుంటారు. క్లినిక్‌లో చూస్తే 132/82. ఈమధ్య 24 గంటల బీపీ పరీక్ష (చేతికి పట్టీ, ఒంటికి చిన్న మిషన్ కట్టి రాత్రీ పగలూ బీపీ కొలవడం) చేయిస్తే పగటి సగటు 131/81, రాత్రి సగటు 127/76 వచ్చింది, రిపోర్టులో ‘నాన్-డిప్పర్’ (నిద్రలో బీపీ తగినంత దిగని మనిషి) అని రాశారు. ఆయన రోజూ తెల్లవారుజామున ఎన్టీఆర్ స్టేడియంలో 45 నిమిషాలు నడుస్తారు. మరి రాత్రి బీపీ ఎందుకు తగ్గలేదు, నడక వల్ల అసలు తగ్గుతుందా, పొద్దున నడవాలా సాయంత్రమా, బిళ్ళను రాత్రికి మార్చుకోవచ్చా అన్నది అడిగిన సంగతి.

అమ్మా, క్లినిక్‌లో 132 చూసి ‘బాగానే ఉంది’ అని పంపించేయకుండా 24 గంటల పరీక్ష రాసిన ఆ డాక్టరుగారు మీ నాన్నగారికి పెద్ద మేలు చేశారు. నేను విజయవాడలో 24 ఏళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. మొదట్లో చాలా ఏళ్ళపాటు నేను కూడా బల్ల ముందు కూర్చున్న మనిషి బీపీయే చూశాను, ఇంటికెళ్ళి పడుకున్న మనిషి బీపీ ఎంతుందో అడగలేదు. అందుకే ఈ ప్రశ్నకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రిపోర్టు సంగతి. మీరు పంపిన రీడింగుల షీటు లైను లైనుగా చూశాను. మిషన్ ‘రాత్రి’ అని లెక్కకట్టింది పది గంటల నుంచి ఆరు గంటల వరకు. అరగంటకు ఒకటి చొప్పున 16 రీడింగులు. కానీ మీ నాన్నగారు ఆ రోజు పడుకున్నది పదకొండుకు కొంచెం ముందు, లేచింది 4:45కి అని మీరే రాశారు. అంటే పదికి, పదిన్నరకు పట్టీ బిగుసుకున్నప్పుడు ఆయన టీవీ చూస్తున్నారు (పై నంబర్లు 134, 136). ఐదింటికి స్టేడియానికి బయల్దేరుతున్నారు, 142. ఐదున్నరకు నడుస్తున్నారు, 156. మెలకువగా ఉన్నప్పటి ఈ నాలుగు రీడింగులూ నిద్ర లెక్కలో కలిసిపోయాయి. వాటిని తీసేసి మిగిలిన 12 రీడింగుల సగటు కట్టాను. 122/73 వచ్చింది. ఆ నాలుగింటినీ పగటి లెక్కలో కలిపితే పగటి పై నంబరు 132 అవుతుంది. అంటే నిద్రలో తగ్గుదల రిపోర్టులో కనిపించినట్టు 3 శాతం కాదు, 7, 8 శాతం మధ్యలో ఉంది.

ఈ పొరపాటు మన ఊళ్ళలో నేను తరచూ చూస్తుంటాను. తెల్లవారకముందే లేచే అలవాటున్న వాళ్ళు మనలో ఎక్కువ. మిషన్‌లో ముందే పెట్టి ఉన్న టైమును మార్చకుండా వదిలేస్తే పాలవాడి కోసం లేచిన బీపీ, ముగ్గు వేస్తున్న బీపీ, వాకింగ్ బీపీ అన్నీ ‘నిద్ర బీపీ’గా అచ్చవుతాయి. పైగా నడుస్తూ చెయ్యి ఊపుతున్నప్పుడు తీసిన రీడింగు మీద నమ్మకం పెట్టుకోకూడదు. పట్టీ బిగుసుకోగానే ఆగి, చెయ్యి కదపకుండా కిందికి వదిలి నిలబడాలి.

అయితే లెక్క సరిచేశాక కూడా మీ నాన్నగారికి సమస్య లేదని చెప్పలేను. నిద్రలో సగటు 120/70 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే దాన్ని రాత్రి రక్తపోటు కిందే లెక్కేస్తాం. పగటికి ఆ గీత 135/85, మొత్తం 24 గంటలకు 130/80. ఆయన పగలు గీత లోపలే ఉన్నారు, రాత్రి మాత్రం కొద్దిగా దాటారు. భయపడాల్సిన స్థితి కాదు, ఊరుకోదగ్గదీ కాదు.

ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రపోతే పై నంబరు పగటి కంటే 10 నుంచి 20 శాతం దిగుతుంది. గుండె వేగం తగ్గుతుంది, ఒంటిని నిత్యం సిద్ధంగా ఉంచే సింపథెటిక్ నరాలు నెమ్మదిస్తాయి, రక్తనాళాలు వదులవుతాయి. ఇలా దిగేవాళ్ళను డిప్పర్లనీ, పది శాతం కూడా దిగనివాళ్ళను నాన్-డిప్పర్లనీ 1988 నుంచి పిలుస్తున్నారు. దిగకపోగా రాత్రి పెరిగేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళ గురించి ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి. జపాన్‌లోని ఒహసామా అనే ఊళ్ళో, ఇంకా చాలా దేశాల్లో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి చూస్తే పక్షవాతం, గుండెజబ్బు ఎవరికి వస్తాయో చెప్పడంలో క్లినిక్‌లో తీసిన నంబరు కంటే నిద్రలో తీసిన నంబరే మెరుగ్గా పనికొచ్చింది. పగలు బీపీ పెరగడానికి సవాలక్ష కారణాలుంటాయి. మెట్లెక్కడం, కోపం, కాఫీ, ట్రాఫిక్, బ్యాంకు పని, పిల్లల టెన్షన్. ఇవేవీ లేని వేళ కూడా దిగకపోతే నాళాల్లోనో, కిడ్నీలోనో, ఊపిరిలోనో ఏదో పట్టి ఉంచుతోందన్నమాట.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. నడక, సైకిల్, ఈత లాంటి ఆయాసం తెప్పించే వ్యాయామం వల్ల రాత్రి బీపీ తగ్గుతుందా? బీపీ ఉన్నవాళ్ళలో తగ్గుతుంది. కానీ ఈ విషయంలో లోకం ఒక్కసారిగా ఒక మాట మీదికి రాలేదు, అది మీకు తెలియడం మంచిది. 2013లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు పగటి పై నంబరు సుమారు 3 పాయింట్లు తగ్గింది గానీ రాత్రి మీద స్పష్టమైన ప్రభావం కనబడలేదు. వాటిలో బీపీ లేనివాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. 2020లో బీపీ ఉన్నవాళ్ళ అధ్యయనాలే ఏరి చూస్తే రాత్రి పై నంబరు 4, 5 పాయింట్లు, కింది నంబరు 3 పాయింట్ల వరకు తగ్గినట్టు తేలింది. మందులు వాడుతూ వ్యాయామం చేసినవాళ్ళలోనే ఆ ఫలితం స్పష్టంగా వచ్చింది. ఇది మీ నాన్నగారికి నేరుగా వర్తించే మాట. మందుకు బదులుగా నడక అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మందుతో పాటు నడక అన్నప్పుడే రాత్రి నంబరు దిగింది.

నాలుగైదు పాయింట్లేనా అని నిరాశపడే వాళ్ళకు నేనొక లెక్క చెబుతుంటాను. మందులతో పై నంబరును 5 పాయింట్లు తగ్గిస్తే పక్షవాతం, గుండెపోటు, గుండె వైఫల్యం లాంటి పెద్ద ప్రమాదాలన్నీ కలిపి సుమారు 10 శాతం తగ్గుతాయని 2021లో మూడు లక్షల నలభై వేలమందికి పైగా రోగుల వివరాలతో తేలింది. నడకతో తగ్గిన ఐదుకు కూడా అచ్చంగా అంతే ఫలం వస్తుందని రుజువు కాలేదు గానీ, ఐదు పాయింట్లను చిన్నచూపు చూడకూడదని చెప్పడానికి ఇది చాలు. మీ నాన్నగారికైతే 122 నుంచి 118కి రావడమే కావలసింది.

ఇది ఎలా జరుగుతుందంటే, అరగంట గట్టిగా నడిచి ఆపగానే పనిచేసిన కండరాల్లోని రక్తనాళాలు వెంటనే మూసుకుపోవు, కొన్ని గంటలపాటు విచ్చుకునే ఉంటాయి. మెదడు కూడా బీపీని నిలబెట్టే స్థాయిని కాస్త కిందికి దించుకుంటుంది. దీనివల్ల నడిచిన తర్వాత పై నంబరు 5 నుంచి 7 పాయింట్లు తగ్గి, కొందరిలో ఆ తగ్గుదల దాదాపు 22 గంటల వరకు ఉంటుంది. అందుకే బీపీ వాళ్ళకు వ్యాయామం ‘వారానికోసారి రెండు గంటలు’ లెక్కలో పనికిరాదు. ఇవాళ్టి నడక ఇవాళ రాత్రికి, రేపటిది రేపటికి. ఇలా వారాల తరబడి సాగితే రెండో రకం మార్పు వస్తుంది. రక్తంలో నాళాలను బిగించే నారడ్రినలిన్ తగ్గుతుంది (చాలా అధ్యయనాలు కలిపి చూస్తే 29 శాతం), కిడ్నీ నుంచి వచ్చి బీపీని పెంచే రెనిన్ చురుకుదనం 20 శాతం తగ్గుతుంది, నాళాల బిగుతు తగ్గుతుంది. నిద్రలో బీపీని దిగకుండా పట్టి ఉంచేవి కూడా ఇవే.

మరి రోజూ నడుస్తున్న మీ నాన్నగారికి ఎందుకు దిగలేదు? ఆయన నడక ఎలా ఉంటుందో మీరు రాసిన వాక్యంలోనే జవాబుంది. ‘నలుగురు స్నేహితులు కలిసి రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తారు, మధ్యలో బెంచీ మీద కాసేపు కూర్చుంటారు.’ ఆ స్నేహం ఆయనకు చాలా అవసరం, దాన్ని దయచేసి తప్పుపట్టకండి. రిటైరైన మనిషికి తెల్లవారగానే ఎదురుచూసే నలుగురు ఉండటం కూడా ఆరోగ్యమే. కానీ అది బీపీని దించే వేగం కాకపోవచ్చు. ఆయన్ను ఒకసారి 15 సెకన్లపాటు అడుగులు లెక్కపెట్టుకోమనండి. 25 దాటితే నిమిషానికి వంద అడుగులు పడుతున్నట్టు. అది మధ్యస్థ వ్యాయామానికి మొదటి మెట్టు. 18, 20 దగ్గర ఆగిపోతే అది షికారు. ఇంకో గుర్తు, ఎదుటి మనిషితో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. మెడ మీద చెమట పట్టాలి, ఊపిరి వేగం తనకే తెలియాలి.

నాడి లెక్క కావాలంటే 220 లోంచి వయసు తీసేస్తే ఆయనకు 159 వస్తుంది. పొద్దున్నే కూర్చున్నప్పుడు నాడి 76 అని రాశారు. తేడా 83. అందులో 40 నుంచి 60 శాతం తీసి 76కి కలిపితే 109 నుంచి 126 మధ్య. నడిచేటప్పుడు నాడి అక్కడ ఉంటే చాలు. మెటోప్రొలాల్, అటెనలాల్ లాంటి బిళ్ళలు వాడేవాళ్ళకు మాత్రం ఈ లెక్క పనిచేయదు, ఆ మందులు నాడిని పెరగనివ్వవు. వాళ్ళు మాట, పాట గుర్తునే నమ్ముకోవాలి.

నేను చెప్పేదల్లా 45 నిమిషాల్లో మధ్య 25 నిమిషాలు స్నేహితుల కంటే రెండు గజాలు ముందు నడవమని. మొదటి పది నిమిషాలు వాళ్ళతోనే, చివరి పది నిమిషాలు మళ్ళీ వాళ్ళతోనే. వారంలో ఐదు రోజులకు తక్కువ కాకుండా, వరుసగా రెండు రోజులు మానకుండా. మొత్తం వారానికి 150 నిమిషాల దాకా తెచ్చుకోవాలి. మొదటి వారమే 25 నిమిషాలూ వేగంగా నడవమనకండి, ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టి నెల రోజుల్లో అక్కడికి చేరితే చాలు.

ఇక్కడ గుంటూరు వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. మిర్చి యార్డులో పనిచేసే హమాలీలు నా దగ్గరికి వస్తుంటారు. నలభై కిలోలు దాటే టిక్కీలు (మిర్చి బస్తాలు) రోజంతా భుజాన మోస్తారు. ‘మాకు వ్యాయామం ఎందుకు సార్, పొద్దస్తమానం చేసేది అదేగా’ అంటారు. చెమట విషయంలో నిజమే. కానీ బరువు ఎత్తి ఊపిరి బిగబట్టిన ప్రతిసారీ బీపీ ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. ఆగి తేరుకునే వీలు ఉండదు, ఎండా దుమ్మూ తప్పవు, సీజన్‌లో నిద్ర నాలుగు గంటలే. ఇలాంటి శ్రమ చేసేవాళ్ళలో 24 గంటల బీపీ తగ్గకపోగా పెరిగి ఉండటం చూస్తాం. నాళాలు వదులయ్యేది లయగా, అరగంటపాటు ఆగకుండా, ఊపిరి బిగబట్టకుండా చేసే పనిలో. ఇంటి చాకిరీ అంతా చేసి ‘నాకు వేరే వాకింగ్ ఎందుకు’ అనే ఆడవాళ్ళకు కూడా ఇదే చెబుతాను. వాళ్ళకు కావలసింది ఇంకా కష్టం కాదు, తమకంటూ ఒక అరగంట.

పొద్దునా, సాయంత్రమా అన్నారు. బ్రెజిల్‌లో మందులు వాడుతున్న మగవాళ్ళతో పది వారాలు సైకిల్ తొక్కించి చూస్తే సాయంత్రం తొక్కినవాళ్ళకే పొద్దున తొక్కినవాళ్ళ కంటే మెరుగ్గా తగ్గింది, నిద్రలోని కింది నంబరుతో సహా. కానీ అది చిన్న అధ్యయనం. దాన్ని పట్టుకుని ఆయన ఏళ్ళనాటి ఉదయం నడకను చెరపడం నాకిష్టం లేదు. మానకుండా చేసే వేళే మంచి వేళ. ఉదయం నడక అలాగే ఉంచి, రాత్రి భోజనం తర్వాత ఇంకో పది, పదిహేను నిమిషాలు కలపండి. పదేసి నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడిచినా 24 గంటల బీపీ బాగానే తగ్గుతుందని చిన్న చిన్న అధ్యయనాల్లో కనబడింది. బ్రాడీపేట వీధుల్లో రాత్రి ఎనిమిదిన్నరకు ఆ మాత్రం నడవడానికి ఇబ్బంది ఉండదు. అయితే అది తేలికపాటి నడకగానే ఉండాలి. పడుకోవడానికి గంట ముందు చెమటలు పట్టేలా నడిస్తే కొందరికి నిద్ర పట్టదు. నిద్ర చెడగొట్టుకుని రాత్రి బీపీని ఎవరూ దించుకోలేరు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేననుకునే విషయానికి వస్తాను. మీరు ప్రశ్న చివర్లో, పెద్ద విషయం కాదన్నట్టు, రెండు సంగతులు రాశారు. ఆయన రాత్రి రెండుసార్లు మూత్రానికి లేస్తారని ఒకటి, గురక బాగా పెడతారని ఇంకొకటి. రాత్రి బీపీ గుట్టు చాలాసార్లు ఈ రెండింట్లోనే ఉంటుంది.

మొదటిది ఉప్పు. మనం తిన్న ఉప్పును బయటికి పంపే పని కిడ్నీలది. ఉప్పు ఎక్కువై, లేదా కిడ్నీల సామర్థ్యం వయసుతో, షుగరుతో తగ్గి, పగటిపూట ఆ పని పూర్తికాకపోతే మిగిలింది రాత్రి చేయాలి. ఉప్పును తోసెయ్యడానికి కిడ్నీకి ఒత్తిడి కావాలి, కాబట్టి మనిషి నిద్రపోయినా బీపీ దిగదు. ఉప్పుతో పాటు నీరూ పోతుంది, అందుకే లేచి వెళ్ళాల్సి వస్తుంది. అరవై దాటిన మగవాళ్ళు రాత్రి మూత్రానికి లేస్తే అందరం ప్రోస్టేట్ అనుకుంటాం. అది కావచ్చు, షుగర్ కావచ్చు, రెండూ చూపించుకోవాలి. కానీ రాత్రి దిగని బీపీ, ఉప్పు కూడా అలాగే లేపుతాయి. ఉప్పు తగ్గించిన కొద్ది రోజుల్లోనే నాన్-డిప్పర్లు డిప్పర్లుగా మారడం 1990లలో జపాన్ డాక్టర్లు చూపించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు ఉప్పు. తలకొట్టిన ఒక టీస్పూను. మన కృష్ణా, గుంటూరు ఇళ్ళలో ఆ స్పూను మధ్యాహ్నం కూరా పప్పూ పచ్చడితోనే అయిపోతుంది. నేను ఆవకాయ మానమని ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు, వినాలని నేనూ అనుకోను. నేను అడిగేది వేళ మార్చమని. రాత్రి పెరుగన్నంలో ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడం, ఉప్పేసిన మజ్జిగ, ఇవన్నీ కలిసి పడుకునే ముందు ఉప్పు బరువంతా కిడ్నీ మీద పెడతాయి. పచ్చడి మధ్యాహ్నానికి, అదీ చిటికెడు. రాత్రికి ఉప్పు తక్కువేసిన కూర, పులకా గానీ అన్నం గానీ, ఉప్పులేని పెరుగు. భోజనం ఎనిమిదికల్లా. సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీ, పునుగులు తిని ‘అన్నంలో ఉప్పు తగ్గించాను’ అంటే లెక్క కుదరదు. నడక అయ్యాక స్టేడియం బయట ఇడ్లీ మీద వేసుకునే కారప్పొడి, బొంబాయి చట్నీ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. ఉప్పుకు బదులుగా అమ్మే పొటాషియం ఉప్పును డాక్టరుగారిని అడగకుండా వాడకండి. టెల్మిసార్టాన్ కూడా పొటాషియంను పెంచుతుంది.

రెండోది గురక. ఉత్త గురకైతే పక్కవాళ్ళకే ఇబ్బంది. కానీ గురక మధ్యలో ఒక్కసారి నిశ్శబ్దమై, కొన్ని సెకన్లు ఊపిరి ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ మొదలవుతుంటే అది స్లీప్ ఆప్నియా. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, సింపథెటిక్ నరాలు మేల్కొంటాయి, బీపీ ఎగబాకుతుంది. రాత్రికి అలా పదులసార్లు జరిగితే సగటు ఎక్కడ దిగుతుంది? మీ అమ్మగారిని ఈ ఒక్క విషయం గమనించమనండి. పగలు పేపరు చదువుతూనే కునుకు తీస్తున్నారా, లేవగానే తలనొప్పి ఉందా, కాలరు సైజు పెద్దదా అన్నవి కూడా చూడండి. అనుమానముంటే స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ చూసే పరీక్ష) చేయించండి, గుంటూరులోనూ విజయవాడలోనూ చేస్తారు. క్రమం తప్పని నడక లాంటి వ్యాయామం వల్ల బరువు పెద్దగా తగ్గకపోయినా ఆప్నియా తీవ్రత కొంత తగ్గుతుంది. రోజంతా కుర్చీలో కూర్చుంటే కాళ్ళలో చేరే నీరు, పడుకోగానే మెడ వైపు వచ్చి శ్వాసదారిని ఇరుకు చేస్తుంది. నడిస్తే పిక్కలు ఆ నీటిని సాయంత్రం లోపే పైకి తోసేస్తాయి. భోజనం తర్వాత ఆ పదిహేను నిమిషాలు నడవమనడానికి నాకు ఇది రెండో కారణం. అయితే ఆప్నియా తీవ్రంగా ఉంటే నడక ఒక్కటే చాలదు, నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపి శ్వాసదారిని తెరిచి ఉంచే సీప్యాప్ మిషన్ అవసరమవుతుంది.

బిళ్ళను రాత్రికి మార్చడం గురించి. పడుకునే ముందు వేసుకుంటే గుండెపోటు, పక్షవాతం లాంటి ప్రమాదాలన్నీ కలిపి దాదాపు సగం తగ్గుతాయని 2019లో స్పెయిన్ నుంచి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అప్పట్లో వాట్సాప్‌లో బాగా తిరిగింది. దాని పద్ధతి మీద చాలా సందేహాలు లేచాయి. 2022లో బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా రోగులతో చేసిన పరీక్షలో పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా ప్రమాదాల్లో తేడా రాలేదు. కాబట్టి మర్చిపోకుండా వేసుకోగలిగిన వేళే సరైన వేళ. రాత్రి బీపీ ఎక్కువున్న కొందరికి మేమే టైము మారుస్తాం, లేదా ఇంకో మందు కలుపుతాం, కానీ అది రిపోర్టు చూసి డాక్టరు నిర్ణయించాలి. సొంతంగా మార్చుకుని నిద్రలో బీపీ మరీ దిగిపోతే, ముఖ్యంగా పెద్ద వయసువాళ్ళలో, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళలో అదొక వేరే ప్రమాదం. మూత్రం ఎక్కువ వచ్చే బిళ్ళ రాత్రి వేసుకుని, చీకట్లో బాత్‌రూమ్‌కి వెళ్తూ పడిపోయి తుంటి విరిగినవాళ్ళను నేను చూశాను.

నడక వేగం పెంచేముందు ఒక ఈసీజీ తీయించండి, షుగర్ చూపించండి. ఛాతీలో బిగువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్ళు తిరగడం వస్తే ఆ నిమిషమే ఆపాలి, ‘ఈ రౌండు పూర్తిచేసి’ అనకూడదు. నొప్పి పోయినా ఆ రోజే చూపించుకోవాలి. ఇంట్లో బీపీ 180/110 దాటి ఉన్న రోజు నడక వద్దు, డాక్టరుకు ఫోన్ చెయ్యండి. నడక ఆపేటప్పుడు ఠక్కున నిలబడిపోకుండా ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపాలి. మే నెలలో మన దగ్గర సాయంత్రం ఆరింటికి కూడా తారురోడ్డు సెగ కొడుతూనే ఉంటుంది, ఆ రోజుల్లో వేగం తగ్గించాలి, నీళ్ళు తాగాలి. కానీ ఓఆర్ఎస్ పాకెట్లను కూల్‌డ్రింకులా రోజూ తాగకూడదు, దానిలోనూ ఉప్పే ఉంది. ఎండాకాలంలో కొందరికి బీపీ తనంతట తానే తగ్గుతుంది. లేచి నిలబడితే తల తిరుగుతుంటే మందు మోతాదు చూపించుకోవాలి.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. 47 ఏళ్ళ వయసులో, ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేశాక, నాకు నేనే ఈ పరీక్ష చేసుకున్నాను. పగలు 128, నిద్రలో 124. సాయంత్రాలు కృష్ణ ఒడ్డున నలభై నిమిషాల నడక, రాత్రి భోజనంలో పచ్చడి మానడం, పదిన్నరకు పడక. నాలుగు నెలలకు మళ్ళీ చేస్తే నిద్రలో 115. నేను చాలా సంతోషించాను. కానీ ఆ తొమ్మిది పాయింట్లూ నడకవేనని మీకు చెప్పను. ఏ మార్పూ చేయకపోయినా రెండోసారి పరీక్షలో చాలామంది నాన్-డిప్పర్ల నుంచి డిప్పర్లలోకి, అటునుంచి ఇటు మారుతుంటారు. మొదటి రాత్రి పట్టీ బిగుసుకుంటుంటే నిద్రే పట్టదు మరి. అందుకే ఒక్క రిపోర్టులో రాసిన ఆ పేరు చూసి బెంగపెట్టుకోకూడదు, ఒక్క మంచి రిపోర్టు చూసి మందు ఆపకూడదు.

కాబట్టి ఇప్పుడే ఇంకో మందు కలపాలా అన్నది ఆ డాక్టరుగారు చూసుకుంటారు. నేను సరిచేసిన లెక్కను ఆయనకు తప్పకుండా చూపించండి. ఆయన సరే అంటే ఈ మార్పులు పన్నెండు వారాలు చేసి పరీక్ష మళ్ళీ చేయించండి. ఈసారి మిషన్ కట్టేచోటే ఆయన పడుకునే టైము, లేచే టైము చెప్పి వాటినే మిషన్‌లో పెట్టించండి. మధ్యాహ్నం కునుకు తీస్తే అదీ కాగితం మీద రాయాలి. ఆ ఒక్క ఉదయం వేగం నడక వద్దు. పట్టీని ఆయన ఎటువైపు ఒత్తిగిలి పడుకుంటారో దానికి అవతలి చేతికి కట్టించండి, ఒంటి బరువు పట్టీ మీద పడితే రీడింగు చెడుతుంది. రాత్రి ఎన్నింటికి మూత్రానికి లేచారో కూడా రాసిపెట్టమనండి. ఆ కాగితం, రీడింగుల షీటు రెండూ పెట్టి అడిగితే మళ్ళీ లైను లైనుగా చూసి చెబుతాను. గురక సంగతి మాత్రం పన్నెండు వారాలు ఆగకండి, ఈ రాత్రే అమ్మగారిని గమనించమనండి.